షూటింగ్‌కి మనుషుల్ని తీసుకెళ్లేవాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి

"అక్కా, రేపు పొద్దున్న ఆరింటికి నలభై మంది కావాలి. ఆడాళ్లు పాతిక మంది ఉండాలి. పాత చీరలే కట్టుకుని రమ్మను."

ఇలాంటి ఫోను నాకు ఏడాదిలో పాతికసార్లైనా వస్తుంది. మాది కొవ్వూరు దగ్గర గోదావరి గట్టు మీద ఊరు. పద్దెనిమిదేళ్లుగా చుట్టుపక్కల ఊళ్ల నుంచి షూటింగులకు మనుషుల్ని తీసుకెళ్తున్నాను. కాగితాల్లో మమ్మల్ని జూనియర్ ఆర్టిస్టులు అని రాస్తారు. సెట్‌లో పిలిచేది మాత్రం "జనం" అని. "జనాన్ని అటు జరపండి", "జనానికి టిఫిన్ అయిందా" అంటారు. ఆ మాటలో తప్పేం లేదు గానీ, జనానికి కూలి లెక్క ఉండదు. పేరు రాసి ఉన్న మనిషికే ఉంటుంది. ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా ఆ పేరు రాయించుకోవడం చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు సినిమాలతో పాటు వెబ్ సిరీస్‌లు, సీరియళ్లు, యాడ్లు కూడా మన వైపు వస్తున్నాయి. "నేను కూడా ఈ పని చేస్తానక్కా, ఎలా మొదలుపెట్టాలి" అని రాజోలు నుంచి, రావులపాలెం నుంచి పిల్లలు అడుగుతున్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

మన ఊరి క్యాలెండర్ మీకు తెలియాలి

రాజమండ్రిలో 1936లోనే నిడమర్తి సూరయ్య గారు దుర్గా సినీటోన్ అనే స్టూడియో పెట్టారు. ఆంధ్ర ప్రాంతంలో తొలి స్టూడియోగా దాన్నే చెబుతారు. తరవాత పరిశ్రమ మద్రాసులో స్థిరపడింది, అక్కడి నుంచి హైదరాబాదుకు వచ్చింది. పాలకొల్లు నుంచి అల్లు రామలింగయ్య గారు, దాసరి నారాయణరావు గారు, కోడి రామకృష్ణ గారు అటే వెళ్లారు. మనకు మిగిలింది ఔట్‌డోర్. అంటే వాళ్లు వచ్చి, తీసుకుని, వెళ్లిపోయే చోటన్నమాట. అలాంటి చోట మనకు విలువ తెచ్చేది వాళ్లకు తెలియనిది మనకు తెలియడం.

ఉదాహరణకి కాలువ. గోదావరి జిల్లాలంటే ఎప్పుడూ నిండుగా పారే కాలువలు ఉంటాయని హైదరాబాదులో కథ రాసుకునేవాళ్లు అనుకుంటారు. ఎండాకాలంలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారని వాళ్లకు తెలియదు. ఒకసారి మే నెలలో ఒక యూనిట్ పడవ సీనుకి వచ్చింది. కాలువలో బురద, అక్కడక్కడ మడుగులు తప్ప నీళ్లు లేవు. రెండు రోజులు వాళ్లు కొత్త లొకేషన్ వెతుక్కున్నారు, ఆ రెండు రోజులూ మా వాళ్లు పనికి వెళ్లకుండా ఎదురుచూశారు. అప్పటి నుంచి రెక్కీకి, అంటే లొకేషన్ చూసుకోవడానికి వచ్చినవాళ్లకు మొదటి రోజే చెప్పేస్తాను. సార్వా (వానాకాలం వరి) పచ్చదనం కావాలంటే ఆగస్టు, సెప్టెంబరు. దాళ్వా (రెండో పంట వరి) పచ్చదనం కావాలంటే ఫిబ్రవరి, మార్చి మొదట్లో. కోతలు, కుప్పలు కావాలంటే నవంబరు ఆఖరు నుంచి. సంక్రాంతి మూడు రోజులు మాత్రం ఎంత డబ్బిచ్చినా మనిషి దొరకడు, ఆ మాట కూడా ముందే చెప్పాలి.

జులై, ఆగస్టుల్లో గోదావరి ఎర్రగా వస్తుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే నేను లంకల్లోకి, అంటే నది మధ్య దిబ్బల మీదికి ఎవరినీ తీసుకెళ్లను. మేనేజర్ ఎంత బతిమాలినా సరే.

ఇలా ముందే చెబితే పని పోతుందేమోనని కొత్తవాళ్లు భయపడతారు. నాకైతే ఒక్కసారి కూడా పోలేదు. రెండోసారి వచ్చినప్పుడు నేరుగా నాకే ఫోను చేశారు.

ఫోనులోనే అడగాల్సినవి

2009 ఫిబ్రవరిలో ఒక పాట షూటింగుకి నేను 34 మందిని మూడు రోజులు తీసుకెళ్లాను. రోజుకి మనిషికి 200 మాట్లాడుకున్నాం. మాట్లాడింది హైదరాబాదు నుంచి వచ్చిన ఒక మధ్యవర్తి. "ఆఖరి రోజు అంతా ఒకేసారి ఇచ్చేస్తానమ్మా, చిల్లర తిప్పలుండవు" అన్నాడు. సరేనన్నాను. మూడో రోజు సాయంత్రం ప్యాకప్ అన్నారు. లైట్లు లారీ ఎక్కుతున్నాయి, మా వాళ్లు కాస్ట్యూములు విప్పి ఇచ్చేసి చెట్టు కింద కూర్చున్నారు. అతను లేడు. ఫోను స్విచ్ఛాఫ్. ప్రొడక్షన్ వాళ్ల దగ్గరికి వెళ్తే కాగితం చూపించారు. "మేం ఇచ్చేశామమ్మా, ఇదిగో సంతకం" అన్నారు. ఆ కాగితం మీద "జనం 40" అని అంకె ఒక్కటే ఉంది. వెళ్లింది 34 మంది. ఒక్కరి పేరు కూడా అందులో లేదు.

ప్రొడక్షన్ వాళ్లు మోసం చేయలేదు. వాళ్ల లెక్క ప్రకారం వాళ్లు డబ్బు ఇచ్చారు. కానీ మా పిన్ని మూడు రోజులు ఎండలో కుండ నెత్తిన పెట్టుకుని నడిచిందనడానికి ప్రపంచంలో ఎక్కడా ఆధారం లేదు. 20,400 రూపాయలు. రెండు గాజులు తాకట్టు పెట్టి అందరికీ ఇచ్చాను. ఇవ్వకపోతే ఆ ఊళ్లలో మళ్లీ ఎవరి గుమ్మం ఎక్కగలను?

అందుకని ఇప్పుడు ఫోను వచ్చిన వెంటనే "సరే" అనను. అడుగుతాను. ఏ కంపెనీ? ప్రొడక్షన్ మేనేజర్ ఎవరు, ఆయన నంబరు ఎంత? డబ్బు ఇచ్చేది ఆయనా, మీరా? ఎన్ని రోజులు, పగలా రాత్రా? సీను ఏంటి? ఈ ఆఖరిది అడగడానికి చాలామంది మొహమాటపడతారు. కథ చెప్పమనడం లేదు కదండీ, మా వాళ్లు ఏం చేయాలో అడుగుతున్నాం. నీళ్లలో దిగాలా, పరిగెత్తాలా, శవం పక్కన ఏడవాలా, వానలో తడవాలా? కొత్తగా కడుపుతో ఉన్న అమ్మాయి ఉందనుకోండి, పరిగెత్తే సీనుకి తీసుకెళ్లకూడదు. ఈమధ్యే భర్త పోయిన మనిషిని బొట్టు తుడిచే సీనులో నిలబెట్టకూడదు. ఒకసారి తెలియక తీసుకెళ్లాను. షాట్ మధ్యలో ఆవిడ ఏడుపు ఆగలేదు. "బాగా చేసింది" అని అందరూ మెచ్చుకున్నారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మాట్లాడుకున్నది మాట్లాడుకున్నట్టు వెంటనే వాట్సాప్‌లో పెట్టండి. "మేనేజర్ గారూ, రేపు 40 మంది, ఆరు నుంచి ఆరు, మనిషికి ఇంత, టిఫిన్ భోజనం మీవి, ఆటోలు మీవి, డబ్బు ఏ రోజుది ఆ రోజే" అని. వాళ్లు "ఓకే" అని పెట్టాకే ఊళ్లోకి వెళ్లి మనుషుల్ని పిలవండి. సినిమా కార్మికులతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలని 1981 నాటి చట్టమే చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో కూడా ఆడియో విజువల్ కార్మికులకు ఆ నియమం ఉంది. ఒక్క రోజు పనికి వచ్చే మనకు అంత పెద్ద ఒప్పందం ఎవరూ తీసుకురారు. ఆ "ఓకే" అన్న మెసేజే మన ఒప్పందం. దాన్ని డిలీట్ చేయకండి.

ఎంత అడగాలి? నేను పెట్టుకున్న కొలత ఒకటే. ఆ వారం ఊళ్లో పొలం కూలి ఎంత నడుస్తుందో దానికి తగ్గకూడదు. నాట్లప్పుడు, కోతలప్పుడు కూలి పెరుగుతుంది, అప్పుడు మన రేటూ పెరగాలి. షూటింగు సరదా కదా, హీరోని చూడొచ్చు కదా అని తక్కువకు ఒప్పించేవాళ్లు ఉంటారు. మనిషి పన్నెండు గంటలు ఇల్లు వదిలి వచ్చాక అది పనే. ఆరు నుంచి ఆరు దాటితే కాల్‌షీట్ (ఒక రోజు పని లెక్క) మారుతుంది. సగం కాల్‌షీట్ అదనంగా ఇస్తారా, పూర్తిదా అన్నది కూడా ఆ మెసేజ్‌లోనే ఉండాలి. రాత్రి తొమ్మిదింటికి అలిసిపోయి బేరం ఆడలేం.

పుస్తకం

పొడుగ్గీతల పెద్ద నోట్‌బుక్ కొనండి. షూటింగుకొక పేజీ. పైన తేదీ, ఊరు, కంపెనీ, మేనేజర్ నంబరు. కింద వరసగా పేరు, ఊరు, ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వదిలారు, ఏ కాస్ట్యూమ్ ఇచ్చారు, డబ్బు ఎంత, సంతకమో వేలిముద్రో. మధ్యాహ్నం భోజనాల దగ్గర అసిస్టెంట్ డైరెక్టర్‌కి ఆ పేజీ చూపించి తల లెక్క మీద చిన్న సంతకం పెట్టించుకోండి. మొదట్లో విసుక్కుంటారు. రెండో రోజు వాళ్లే అడుగుతారు. ఎందుకంటే కంటిన్యూటీకి, అంటే నిన్నటి సీను, ఇవాళ్టి సీను ఒకేలా కనబడడానికి ఆ పేజీ వాళ్లకే పనికొస్తుంది. నిన్న బావి దగ్గర ఆకుపచ్చ చీరలో నిలబడిన ఆవిడ ఎవరో నా పుస్తకంలో ఉంటుంది, వాళ్ల దగ్గర ఫోటో మాత్రమే ఉంటుంది.

పేరు రాస్తున్నప్పుడు ఇంటిపేరుతో సహా రాయండి. మా పక్క ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు ఆరుగురు ఉన్నారు. ఒకరి డబ్బు ఇంకొకరికి ఇచ్చి నేను రెండు కుటుంబాల మధ్య గొడవ పెట్టాను. అది సర్దుకోవడానికి ఏడాది పట్టింది.

డబ్బు సగం ముందు రోజు రాత్రికి రావాలి. మిగతాది ఏ రోజుది ఆ రోజు ప్యాకప్‌కి ముందు. ప్యాకప్ తరవాత కాదు. జనరేటర్ వ్యాన్ కదిలిందంటే అక్కడ మాట్లాడే మనిషి ఉండడు. కాస్ట్యూములు అప్పగించడం, డబ్బు తీసుకోవడం ఒకే బల్ల దగ్గర జరిగేలా చూసుకోండి. అందరికీ విడివిడిగా ఫోన్‌పే చేయమంటే మేనేజర్లు ఒప్పుకోరు, మన ఖాతాలోకే వేస్తారు. అప్పుడు కంపెనీలు 1 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుంటాయి. అది మన పాన్ మీద జమవుతుంది. ఏటా రిటర్ను వేస్తే, పన్ను పడేంత ఆదాయం లేనివాళ్లకు అది తిరిగి వస్తుంది. నేను నాలుగేళ్లు వేయకుండా వదిలేశాను. మీరు వదిలేయకండి. మనుషులకు ఇచ్చిన డబ్బు మన ఆదాయం కాదని చూపించడానికి కూడా ఆ పుస్తకమే ఆధారం.

మన కమిషన్ ఎంతో వచ్చినవాళ్లకు చెప్పాలా? చెప్పాలి. నేను బహిరంగంగా చెబుతాను. దాచిన రోజున నాకూ, ఆ 2009 మనిషికీ తేడా ఉండదు.

ఆడవాళ్లు వస్తున్నారంటే

సెట్‌కి వెళ్లగానే నేను కెమెరా వైపు చూడను. బాత్రూం ఎక్కడుందో చూస్తాను. హీరోయిన్‌కి కారవాన్ ఉంటుంది. మా పాతికమందికి కొబ్బరితోట చూపిస్తారు. పొద్దున్న ఆరింటికి వచ్చిన ఆడవాళ్లు మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా ఉంటారు, ఎందుకు తాగలేదని అడిగితే నవ్వి ఊరుకుంటారు. ఎండలో కళ్లు తిరిగి పడిపోయిన వాళ్లను పట్టుకున్నాను. అందుకే ఇప్పుడు ముందు రోజే ఆ వీధిలో రెండు ఇళ్లవాళ్లతో మాట్లాడతాను. "వదినా, రేపు మా వాళ్లు మీ బాత్రూం వాడుకుంటారు, శుభ్రం చేసే పూచీ నాది" అంటే ఎవరూ కాదనలేదు. వాళ్లకు ఇచ్చే డబ్బు ప్రొడక్షన్ ఖర్చులో రాయిస్తాను. బట్టలు మార్చుకోవడానికి ఒక గది, తలుపుకి గడియ, లోపల మగ అసిస్టెంట్లు రాకుండా గుమ్మంలో మన మనిషి ఒకరు. ఇవి అడగడం ఎక్కువ చేయడం కాదు.

ఎవరైనా చేయి వేసినా, ఫోను నంబరు కోసం వేధించినా ముందు ఆ అమ్మాయిని పక్కకు తీసుకొచ్చి కూర్చోబెట్టండి, తరవాత మేనేజర్‌తో మాట్లాడండి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. లేకపోతే జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. ఫిర్యాదు మూడు నెలల్లోపు రాసి ఇవ్వాలి. అత్యవసరమైతే 112, మహిళా హెల్ప్‌లైన్ 181. ఈ నంబర్లు నా పుస్తకం అట్ట మీదే రాసి ఉంటాయి. సాయంత్రం తిరిగి వెళ్లేటప్పుడు ఆటో డ్రైవర్ మన ఊరివాడై ఉండాలి. ఒంటరిగా దిగే మనిషి ఆటోలో ఆఖరున ఉండకూడదు.

పిల్లలు కావాలన్నప్పుడు ఇంకా జాగ్రత్త. "బడి సీనండి, పదిమంది పిల్లల్ని పంపండి" అని తేలిగ్గా అడుగుతారు. 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం పిల్లల్ని నటింపజేయాలంటే నిర్మాత జిల్లా కలెక్టరు అనుమతి తీసుకోవాలి. రోజుకి అయిదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకు మించి పని పెట్టకూడదు. అయిదుగురు పిల్లలకు ఒక బాధ్యత గల మనిషి ఉండాలి. వచ్చిన డబ్బులో 20 శాతం బిడ్డ పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. అనుమతి కాగితం ఫోటో నా ఫోనులోకి వచ్చాకే నేను తల్లులతో మాట్లాడతాను. ఒక మేనేజరు "ఇంత చిన్న సీనుకి ఎందుకమ్మా" అన్నాడు. ఆ పని వదిలేసుకున్నాను.

ఎద్దులు, గేదెలు అడిగినా అంతే. జంతువులను సినిమాలో చూపించాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి, అది కంపెనీ చూసుకోవాల్సింది. రైతు దగ్గర ఎడ్లబండి మాట్లాడి పెట్టేముందు ఆ కాగితం ఉందో లేదో అడగండి.

నీళ్లు

పడవ సీను అంటే లైఫ్ జాకెట్లు మనిషికి ఒకటి చొప్పున లెక్క పెట్టి చూశాకే పడవ ఎక్కించండి. షాట్‌లో కనబడకూడదంటారు. షాట్ అయ్యేదాకా తీసి ఉంచుతామంటారు. రేవు దగ్గర మోకాలి లోతులో ఆగిన పడవ అయితే ఒప్పుకుంటాను. పాయలోకి వెళ్తే ఒప్పుకోను. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు వెళ్లే బోటు కచ్చులూరు దగ్గర మునిగిన వార్త విన్నప్పుడు మా ఊరంతా గట్టు మీదే నిలబడింది. గోదావరి మీద పుట్టి పెరిగినవాళ్లం కాబట్టి మనకేం కాదని అనుకోవద్దు. ఈత వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువగా పోయారు.

రాత్రి షూటింగ్‌లో జనరేటర్ నుంచి లైట్లకు కేబుళ్లు నేల మీదే ఉంటాయి. ఘాట్ మెట్ల మీద తడి, దాని మీద కేబుళ్లు, వాటి మధ్య మనవాళ్లు చెప్పుల్లేకుండా. లైట్‌మెన్లను అడగండి, వాళ్లు చాలా మంచివాళ్లు, చెక్కలు వేసి ఎత్తుతారు. మనం అడిగితేనే.

లైట్‌మెన్లు, ప్రొడక్షన్ బాయ్‌లు, కాస్ట్యూమ్ వాళ్లు మన మీద పెత్తనం చేయడానికి రాలేదు. వాళ్లూ రోజుకూలీలే, హైదరాబాదు కృష్ణానగర్‌లో గది అద్దె కట్టుకుంటూ బతుకుతున్నారు. 2025 ఆగస్టులో వాళ్ల ఫెడరేషన్ (సినీ కార్మిక యూనియన్లన్నీ కలిసిన సంఘం) 30 శాతం వేతనం పెంచమని సమ్మె చేసింది. 4న మొదలై 21న ముగిసింది, పద్దెనిమిది రోజులు. రోజుకి 2,000 లోపు వచ్చేవాళ్లకు మొదటి ఏడాది 15 శాతం, రెండో ఏడాది 2.5, మూడో ఏడాది 5 పెంచడానికి ఒప్పందం కుదిరింది. ఆ రోజుల్లో మాకు మాట్లాడుకున్న షెడ్యూల్ ఒకటి ఆగిపోయింది, మావాళ్లు నష్టపోయారు. అయినా నాకు కోపం రాలేదు. వాళ్లకు యూనియన్ కార్డు ఉంది కాబట్టి అడగగలిగారు. మనకు ఇంకా లేదు. కొవ్వూరు, రాజమండ్రి, అమలాపురం, పాలకొల్లు, నరసాపురం వైపు ఈ పని చేసే కోఆర్డినేటర్లం ఎంతమందిమో ఒక చోట రాసుకుని, ఒకే రేటు మాట్లాడుకుంటే బాగుంటుందని నేను రెండేళ్లుగా అడుగుతున్నాను. ఇప్పటికి నలుగురం కలిశాం.

మీలో కుర్రాళ్లకు ఒక మాట. ఎప్పటికీ మనుషుల్ని తెచ్చే పనిలోనే ఉండిపోకండి. ఒక షెడ్యూల్ కాస్ట్యూమ్ వాళ్ల దగ్గర ఇస్త్రీకి నిలబడండి, ఇంకోసారి ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో మేకులు అందించండి. మా తోడికోడలు కొడుకు అలాగే సెట్ వడ్రంగం నేర్చుకున్నాడు. ఇప్పుడు యూనిట్లు మన వైపు వస్తే మండువా లోగిలికి అరుగు పొడిగించాలన్నా, పాత తలుపు పెట్టాలన్నా హైదరాబాదు నుంచి మనిషిని తెచ్చుకోవడం లేదు, వాడినే పిలుస్తున్నారు.

కుమారదేవంలో గోదావరి గట్టు మీద నిద్రగన్నేరు చెట్టు ఉండేది. సినిమా చెట్టు అనేవాళ్లం. నూట యాభై ఏళ్ల చెట్టు, వందల సినిమాల్లో కనిపించిందంటారు. నేను మొదటిసారి మేకప్ వేయించుకుంది దాని నీడలోనే. 2024 ఆగస్టులో వరద రోజుల్లో కూలిపోయింది. టీవీల వాళ్లు వచ్చారు, ఏ సినిమాలు తీశారో చెట్టు చరిత్ర అంతా చెప్పారు. ఆ నీడలో ఎంతమంది మా ఊరివాళ్లు పనిచేశారో, ఎవరెవరో ఎక్కడా లేదు. పాతవాళ్లలో బతికి ఉన్నవాళ్లను అడిగి ఇప్పుడు నా పుస్తకం వెనక పేజీల్లో రాస్తున్నాను. ఇప్పటికి అరవై రెండు పేర్లు వచ్చాయి.

ప్యాకప్ అయ్యాక

కాస్ట్యూములు లెక్కపెట్టి అప్పగించండి, చెవి దుద్దులతో సహా. మిగిలిన భోజనం ఉంటే అడిగి తీసుకోండి, పారబోయనివ్వకండి. బాత్రూం ఇచ్చిన ఇళ్లకు వెళ్లి కడిగి, డబ్బు ఇచ్చి, చెప్పి రండి. మేనేజర్‌కి "మొత్తం ముట్టింది, 40 మంది, థాంక్స్ అండి" అని మెసేజ్ పెట్టండి. ముట్టకపోతే ఎంత బాకీ ఉందో అంకెతో పెట్టండి. అది కూడా అదే రాత్రి, తెల్లారి కాదు.

ఆటోలు వెళ్లాక నేను గుమ్మంలో పుస్తకం పట్టుకుని కూర్చుంటాను. ఇల్లు చేరినవాళ్లు మిస్డ్ కాల్ ఇస్తారు, పేరు పక్కన టిక్కు పెడతాను. ఫోను లేని పెద్దావిడ ఒకరు ఉన్నారు, ఆవిడ మనవడు ఇస్తాడు. నలభై టిక్కులూ పడ్డాకే అన్నం తింటాను.